చేదోడు యంత్రంలో నా ఎడమ చెయ్యి

నత్త నరాల్లోని ఒకే ఒక్క కణాన్ని గాజు మొనతో పట్టుకున్న రోజున నా కాళ్లు నేల మీద నిలవలేదు. బండి డిపార్ట్‌మెంటు షెడ్డులోనే మరిచిపోయి, ఎండలో క్వార్టర్స్ దాకా నడిచి వచ్చేశాను. తలుపు తీసిన మా ఆవిడ స్వరూప నన్ను కాకుండా నా వెనక ఉన్న వాకిలిని చూసింది.

"బండేది?" అన్నది.

"స్వరూపా, పట్టుకున్న. కణాన్ని పట్టుకున్న."

"మంచిగ పట్టుకున్నవ్. బండిని ఎవరు పట్టుకపోయిండ్రు?"

నాకు నవ్వాగలేదు. వంటింటి గడప మీద కూర్చుని ఆమెకు మొత్తం చెప్పాను. ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ విన్నది. చివర్లో "ఎన్ని రోజులకు నీ మొఖంల వెలుగు చూసిన" అన్నది. ఆ మాటకు నాకు కళ్లు చెమర్చాయి.

నా పేరు జాడి ఓదెలు. మంచిర్యాల దాటాక గోదావరి ఒడ్డున ఉన్న ప్రాణహిత విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చెబుతాను. చెప్పడమే మా బతుకు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెబుతాం. చెప్పడం అయ్యాక పేపర్లు దిద్దుతాం, ఇన్విజిలేషన్ చేస్తాం, హాస్టల్లో పప్పు నీళ్లగా ఉందని పిల్లలు ధర్నాకు కూర్చుంటే వార్డెన్ హోదాలో వెళ్లి అదే పప్పు వాళ్ల ముందు తిని చూపిస్తాం. ఏడాదికోసారి పైనుంచి ఎవరో "మీ పరిశోధన ఏమైంది" అని అడుగుతారు. అప్పుడు మా పరిశోధన సామర్థ్యం పెంచడానికి ఒక వర్క్‌షాప్ పెడతారు. టీ, సమోసా, సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్లతో మా బీరువా అడుగు అర నిండిపోయింది. సమోసాల వల్ల పెరిగిందేదైనా ఉంటే అది నా బెల్టు దగ్గర కనిపిస్తుంది.

విశ్వవిద్యాలయం మొత్తంలో పరిశోధన అనదగ్గది చేసే చెయ్యి ఒక్కటే ఉండేది. అది ప్రొఫెసర్ హైమవతి మేడం కుడి చెయ్యి.

ఆమె పని చెప్పుకోవడానికి సులువే. గాజు గొట్టాన్ని వేడిచేసి సాగదీస్తే దాని మొన వెంట్రుక కన్నా సన్నబడుతుంది. వానాకాలంలో క్యాంపస్ గోడల మీద పాకే నత్తల్లోంచి నరాల ముద్ద తీసి మైక్రోస్కోపు కింద పెట్టి, ఆ మొనను ఒక్క కణం మీదికి దించాలి. గుచ్చకూడదు, ఆనించాలి. ఆనగానే నోట్లో పెట్టుకున్న సన్నటి ట్యూబుతో మెల్లగా గాలి పీల్చాలి. కాస్త ఎక్కువైతే కణం చిరిగిపోతుంది, తక్కువైతే అతుక్కోదు. అతుక్కుందంటే మాత్రం తెర మీద ఎగిరెగిరి పడుతున్న గీత చప్పున చదునుగా పడుకుంటుంది. ఇక ఆ కణం లోపల ఏం జరిగినా మనకు తెలుస్తుంది. ఇది చేతికి రావడానికి ఐదారేళ్లు పడుతుంది. రోజుకు నాలుగు క్లాసులు చెప్పేవాడికి ఆ ఐదారేళ్లు ఎవరిస్తారు?

మేడానికి ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. వాళ్ల నాన్న బొగ్గు గనుల వర్క్‌షాప్‌లో వెల్డరు. యాభై దాటాక ఆయన చేతులు వణకడం మొదలుపెట్టి, చివరికి టీ గ్లాసు కూడా పట్టుకోలేని స్థితికి వచ్చాడు. అంతకు ముందు ఆయన తల్లికీ అంతే. ఇంటిపేరులా దిగివచ్చే ఆ వణుకు నరంలో ఎక్కడ పుడుతుందో పట్టుకోవాలని ఆమె పట్టుదల. మొన దించే ముందు ఆమె చూపుడు వేలితో బల్ల మీద టక్ టక్‌మని రెండు దెబ్బలు వేసేది. వెల్డింగు మొదలుపెట్టే ముందు వాళ్ల నాన్న ఇనుము మీద సుత్తితో అలాగే కొట్టేవాడట. మేడానికి అప్పటికి యాభై నాలుగేళ్లు. తన చేతులను ఆమె ఒక్కోసారి వెలుతురుకు పట్టి చూసుకునేది. మేం చూడనట్టు నటించేవాళ్లం.

ఆ చేతిని నలుగురికీ పంచాలని ఆమె ఎలక్ట్రానిక్స్ వాళ్లతో కూర్చుని తయారుచేసిన యంత్రం పేరు చేదోడు. బీపీ చూసే పట్టీల్లాంటివి రెండు జతలు, మధ్యలో టిఫిన్ డబ్బా అంత పెట్టె. ఒక జత ఆమె నుదుటికీ మణికట్లకీ, ఇంకో జత నేర్చుకునేవాళ్లకి. మొదట కూర్చున్నది నేను.

"చేతులు బల్ల మీద ఇడిసిపెట్టు ఓదెలూ. పండుకున్న పిల్లగాని చేతుల లెక్క ఉండాలె" అని మేడం తన పని మొదలుపెట్టింది.

ముందు వేళ్లలో చీమలు పాకాయి. తర్వాత నా చెయ్యి కదలకుండానే కదులుతున్నట్టు అనిపించింది. పలక మీద మొదటి అక్షరం దిద్దించేటప్పుడు పెద్దవాళ్లు మన గుప్పిట మీద గుప్పిట వేస్తారే, అచ్చం అలా. ఎక్కడ ఆగాలో, ఎంత ఒత్తాలో, ఎప్పుడు వదలాలో ఎవరూ చెప్పలేదు, అయినా తెలిసింది. వారానికోసారి అలా కూర్చున్నాను. నెల తిరిగేసరికి ఇదిగో, బండి మరిచిపోయి ఇంటికి నడిచి వచ్చాను.

నా చెయ్యి గురించి ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. నాది పుట్టుకతో ఎడమ చేతి వాటం. మూడో తరగతిలో ఒక పంతులు నా ఎడమ చేతిని తువ్వాలతో బెంచీకి కట్టేసి కుడి చేత్తో రాయించాడు. ఇంట్లో అన్నం దగ్గర నాయనమ్మ గరిటె పట్టుకుని కాపలా కూర్చునేది. మొత్తానికి మార్చారు. మారాను గానీ లోపల ఏదో మొండికేసింది. ఏ పనికైనా ముందు ఎడమ చెయ్యి లేస్తుంది, గాలిలో ఆగుతుంది, తప్పు చేసినదానిలా వెనక్కి పోతుంది, అప్పుడు కుడి చెయ్యి వస్తుంది. ల్యాబులో అందరికీ అదొక వేడుక. "ఓదెలు సార్ చెయ్యికి రెడ్ సిగ్నల్ పడ్డది" అని నస్రీన్ ఏడిపించేది. నస్రీన్ వృక్షశాస్త్రంలో కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్. చేదోడు పట్టీలు కట్టుకున్న ఆరుగురిలో ఆఖరామె.

ఆరుగురికీ పని పట్టుబడింది. ఆ రోజుల్లో మా ల్యాబు పెళ్లిల్లులా ఉండేది. క్లాసు అవగానే సుద్దచేతులు కూడా కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చేవాళ్లం. ఎవరి తెర మీదైనా గీత పడుకుంటే మిగతావాళ్లం వెళ్లి భుజం చరిచేవాళ్లం. పదేళ్లుగా ప్రమోషన్, డీఏ తప్ప వేరే మాట ఎత్తని మనుషులం, పొటాషియం ఏ దారిన బయటికి పోతోందని క్యాంటీన్లో వాదించుకోవడం మొదలుపెట్టాం.

వీసీ సారుకు సంగతి తెలిసింది. ఆయన చెడ్డవాడు కాదు, తొందర మనిషి. ల్యాబుకు వచ్చి అందరి బల్లలూ తిరిగి చూసి, "మేడం, సోమవారం అరవై మందిని కూసోబెడదాం. అన్ని డిపార్ట్‌మెంట్లకెళ్లి. మంత్రిగారిని పిలుస్తున్న. ఒక్క ఏడాదిల మన యూనివర్సిటీ ఎక్కడికో పోతది" అన్నాడు.

మేడం "సరే సార్" అన్నది. ఆ సరే అంత త్వరగా వస్తుందని నేను అనుకోలేదు. మేమంతా చప్పట్లు కొట్టాం.

ఆ సంబరానికి మర్నాడు మేడం ఇంటి నుంచి సర్వపిండి చేసుకొచ్చింది. ల్యాబు పక్క గదిలో అందరం గుండ్రంగా కూర్చున్నాం. ఆమె డబ్బా మూత తీసి నాకు ముక్క ఇవ్వబోయింది. ఆమె ఎడమ చెయ్యి లేచింది. గాలిలో ఆగింది. వెనక్కి పోయింది. కుడి చెయ్యి వచ్చి ముక్క అందించింది.

అందరూ గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను గానీ ముక్కను డబ్బా మూతలో పెట్టేశాను. నస్రీన్ ఏడిపిస్తే అది వేరు. మేడం కూడా నన్ను వెక్కిరిస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

మిగతావాళ్లు క్లాసులకు వెళ్లాక ఆమె గదికి వెళ్లి అదే మాట అన్నాను. "ఎవరు నవ్వినా నాకేం గాదు మేడం. మీరు సుత ఎక్కిరిస్తె జర మనసుకైంది."

ఆమె అర్థం కానట్టు చూసింది. "నేనేం ఎక్కిరిచ్చిన?"

నేను చేసి చూపించాను. లేవడం, ఆగడం, వెనక్కి పోవడం. ఆమె ముఖం పాలిపోయింది. కుర్చీలో కూలబడి, కొంగు కింద దాచుకున్న కుడి చేతిని బయటికి తీసి బల్ల మీద పెట్టింది.

"ఎక్కిరిచ్చుడు కాదు ఓదెలూ. నా చెయ్యి నా మాట వింటలేదు. శానా రోజులాయె. మొన దించుడే అయితలేదు, దించితే ఇరుగుతున్నది. మొన్న చాయ గిలాస జారిపోయింది." ఆ చేతినే చూసుకుంటూ అన్నది. "మా నాయిన చెయ్యి నాకొచ్చింది. ఇంట్ల సుత చెప్పలే. అందుకే సారు అరవై మంది అంటె సరే అన్న. ఇది ఎట్లనో పోతది. పోయేలోపట ఎంతమందికంటె అంతమందికి పంచిపెడ్త."

ఆ చెయ్యి లేకపోతే ఆమె ఏమవుతుందో నేను ఊహించుకోలేకపోయాను. ఏదో ఒకటి చేయాలి కాబట్టి, "ఒక్కసారి చూపియ్యుండ్రి మేడం" అన్నాను.

ఆమె బల్ల మీది గాజు గొట్టం కోసం చెయ్యి చాపింది. ఎడమది లేచింది, ఆగింది, పోయింది. కుడిది వచ్చింది. గొట్టాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టుకుంది, సుద్దముక్కను పట్టుకున్నట్టు. ఆమె ఎన్నడూ అలా పట్టుకునేది కాదు. అలా పట్టుకునేవాళ్లం మేం. పదేళ్లు బోర్డు మీద రాసీ రాసీ మా వేళ్లకు ఆ పట్టు అలవాటైపోయింది.

నేను వంగి దగ్గరగా చూశాను. గొట్టం కొస కదలడం లేదు.

"మేడం, చెయ్యి వణుకుతలేదు."

"మరేంది?"

"ఆగుతున్నది. ఎడమ చెయ్యి లేసి ఆగుతున్నది. ఇది మీ నాయిన చెయ్యి కాదు మేడం. ఇది నాది."

ఆమె నన్ను చూసింది, తన చేతిని చూసుకుంది. గొట్టం కింద పెట్టి మళ్లీ తీసింది. మళ్లీ పెట్టి మళ్లీ తీసింది. "వణుకు కాదా" అన్నది. కాదన్నాను. "వణుకు కాదు" అని తనకు తనే చెప్పుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఒక మనిషి జీవితమంతా సంపాదించుకున్న విద్య మా ఆరుగురి చేతుల్లోకి ఇంకిపోయిందని తెలిసిన క్షణంలో ఆమె అలా నవ్వుతుంటే నాకు మాత్రం ఏడుపు వచ్చింది.

కానీ ఆమెలోని శాస్త్రవేత్త ఎక్కువసేపు ఊరుకోలేదు. "అంటె ఇది నకలు రాసుకునుడు కాదు, కలుపుకునుడు" అన్నది లేచి నిలబడి. "నా నుంచి మీకు పోతున్నది, మీ నుంచి నాకొస్తున్నది. రెండు తొట్లకు నడుమ పైపు ఏసినట్టు. ఓదెలూ, ఉరుకు, నస్రీన్‌ను పట్టుకరా."

నస్రీన్ వచ్చి విని నోరు వెళ్లబెట్టింది. "అయ్యో, గిదా సంగతి. నిన్న మా అత్తమ్మకు ఖర్జూరాల ప్లేటు ఎడమ చేత్తోటి ఇయ్యబోయిన మేడం. యూనివర్సిటీల గిదే నేర్పుతుండ్రా అని ఒక్కటే తిట్టుడు."

నా తడబాటు మేడం మీదుగా నస్రీన్ ఇంటి దాకా వెళ్లిందన్నమాట. నేను సిగ్గుతో తల దించుకున్నాను. మేడానికి మాత్రం పండగలా ఉంది. "మాకెవ్వరికి రానిది, నీకు మంచిగొచ్చేది ఏమన్న ఉన్నదా?" అని నస్రీన్‌ను అడిగింది.

"మెహెందీ ఏస్త మేడం. చెల్లె పెండ్లిది కోను బ్యాగులనే ఉన్నది."

మేడం జన్మలో కోను పట్టలేదు. దాన్ని అందుకుని, నా చెయ్యి లాక్కుని బల్ల మీద బోర్లా పెట్టింది. అందింది ఎడమ చెయ్యే. ఒక తీగ వేసింది. తీగకు ఆకు వేసింది. ఆకు చివర చిన్న మెలిక తిప్పి చుక్క పెట్టింది. నస్రీన్ ఆ చుక్క మీదికి వంగింది. "ఇది మా దాదీమా ఏసే ఆకు మేడం. ఆమె నాకొక్కదానికే నేర్పింది. నేనెవ్వరికి చూపియ్యలే."

తర్వాత నస్రీన్ తానూ ఒక ఆకు వేసింది. గీత లావుగా, ముద్దగా వచ్చింది. పెళ్లిలో అందరూ అదే అన్నారని, తను నిద్ర చాలక అనుకున్నదని చెప్పింది. మేం ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ప్రపంచంలో ఎవరికీ తెలియని ఒక సంగతి మా ముగ్గురికే తెలుసు, దానికి రుజువు నా చేతి మీద ఆరుతోంది.

ఆ చేతితోనే మేడం వెంట వీసీ సారు దగ్గరికి వెళ్లాను. మేడం అంతా చెప్పింది. ఆయన మెహెందీ వంక అనుమానంగా చూస్తూ విన్నాడు.

"అరవై మందికి తలా కొంచెమన్న వస్తది గదా మేడం. అది లాభమే గదా."

మేడం నా వైపు చూసింది. నేనే అన్నాను. "సార్, ఒక్క గిలాస మజ్జిగను అరవై మందికి పోస్తే అందరు తాగేది నీళ్లే. ఈ పనిల కొంచెం అన్నది లేదు. అతికితే అతుకుతది, లేకుంటె చిరుగుతది. సోమవారం ఆ అరవై మంది కూసుంటే మేడానికీ ఉండది, మాకూ ఉండది, వాళ్లకూ రాదు."

"అట్లయితే ఉల్టా చెయ్యుండ్రి. మీ ఆరుగురి కాడున్నది మేడం తిరిగి తీసుకోవచ్చు గదా?"

అది న్యాయమైన ప్రశ్న. ఎడమ చేతిని తెలియకుండానే ప్యాంటు జేబులో దాచుకున్నాను. నలభై రెండేళ్ల వయసులో నా ముఖంలో వెలుగు వచ్చిందని స్వరూప అన్నది. అది తిరిగి ఇచ్చేయాలంటే నాకు ఇష్టం లేదు. ఇవ్వనని అనడానికి నోరూ లేదు, అది ఆమెదే కనుక.

"తీసుకుంట సార్, ఎందుకు తీసుకోను" అన్నది మేడం. "గని అట్ల తీసుకుంటె వీళ్లు మళ్ల మొదటికొస్తరు. నేను రిటైరైననాడు మీ కాడ యంత్రం ఉంటది, చెయ్యి ఉండది. తీసుకునుడు కాదు, నింపాలె. తొట్లు మొత్తం ఏడు. ఏ తొట్లె నీళ్లు పోసినా ఏడిట్లకూ వస్తయి. వీళ్లు సొంతంగ నేర్చుకునుడు మొదలుపెడితే ఒకరికొచ్చింది అందరికొస్తది."

"నేర్చుకోమనుండ్రి. ఎవరొద్దన్నరు?"

"టైము వద్దంటున్నది సార్. రోజుకు నాలుగు క్లాసులు వీళ్ల నెత్తి మీద పెట్టి పరిశోధన చెయ్యుమంటె ఎట్ల? మా నాయిన వాళ్ల కాడ బదిలీ అని ఉండేది. ఒకరు రాకుంటె ఇంకొకరు ఆ పని మీదికి ఎక్కేది, పని ఆగకపోయేది. మాకు గట్ల బదిలీలు ఇయ్యుండ్రి. ఒక్కొక్కరికి రెండు క్లాసులు తీసుకునే మనుషులు కావాలె. అంతకన్న ఇంకేం అడుగ."

వీసీ సారు కిటికీలోంచి బయటికి చూశాడు. మంత్రిగారికి ఏం చెప్పాలో ఆలోచించుకుంటున్నాడని అనుకున్నాను. చివరికి తిరిగి, "కెమిస్ట్రీ ఫస్టియర్ నాకియ్యుండ్రి. క్లాసు చెప్పక మస్తు రోజులాయె" అన్నాడు.

అలా మొదలైంది మా అసలు చదువు. ఆయన్ని చూసి డీన్లు కదిలారు, డీన్లను చూసి రిటైరైన మాస్టార్లు ఇద్దరు ముగ్గురు సరదాపడి వచ్చారు. మాకు రోజూ మధ్యాహ్నాలు దొరికాయి. ఒక మనిషికి ఖాళీ మధ్యాహ్నం ఇస్తే ఏమవుతుందో నాకు అంతకు ముందు తెలియదు. బోలెడన్ని మొనలు విరిచాం. ఎందుకు విరిగిందని అడిగే తీరిక దొరికింది. వారం చివర, ఎలక్ట్రానిక్స్ వాళ్లు అదనంగా చేసిచ్చిన పట్టీలు కూడా కలిపి, ఏడుగురం కట్టుకుని వరసగా కూర్చునేవాళ్లం. నస్రీన్ కనిపెట్టిన చిన్న కిటుకు సోమవారానికి నా వేళ్లలో ఉండేది. నేను నేర్చుకున్నది మా ఆరుగురిలో ఒకరైన ఫిజిక్సు సారుకు వెళ్లేది. మేడం చెయ్యి కూడా కొద్దికొద్దిగా తేరుకుంటోంది. ఆమె మొన మళ్లీ కణం దాకా దిగుతోంది.

దిగుతోంది గానీ ఆనడం లేదు. ఇంతకు ముందు కణాన్ని పట్టిన మా ఆరుగురితో సహా ఏడుగురిదీ ఇప్పుడు అదే తంతు. సరిగ్గా ఆనించే ముందు ఏడు చేతులూ ఒకేలా ఆగుతున్నాయి. ఎవరి తడబాటో అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. నా మొండి ఎడమ చెయ్యి ప్రతివారం పైపులోంచి అందరి తొట్లలోకీ ప్రవహిస్తోంది.

నాకు పట్టుదల వచ్చింది. ఒక మధ్యాహ్నం అందరికన్నా ముందే ల్యాబుకు వెళ్లి, చేతి రుమాలుతో ఎడమ మణికట్టును కుర్చీకి బిగించి కట్టుకుని, కుడి చేత్తో సాధన మొదలుపెట్టాను. మొన మీద మొన విరుగుతోంది. వెనక నుంచి మేడం గొంతు వినిపించింది.

"ఎవరు కట్టిండ్రు?"

"నేనే మేడం."

ఆమెకు అంత కోపం రావడం నేను చూడలేదు. "ఎప్పుడో మూడో తరగతిల పంతులు కట్టిన కట్టు నువ్వింక ఇప్పుకోలేదా? నీ ఒక్కనికే కాదు, ఇప్పుడు మా అందరికీ కట్టినవ్." వంగి ముడి తానే విప్పింది. విప్పాక కోపం తగ్గి, నా మణికట్టు మీద పడ్డ ఎర్రటి గీతను బొటనవేలితో రుద్దింది. "ఆ చెయ్యి లేస్తున్నదంటె పని దానికి తెలుసు ఓదెలూ. దాన్ని ఆపుతున్నది నువ్వే. నువ్వు ఆపుడు బంద్ చెయ్యి, చూద్దాం."

నస్రీన్ స్క్రూడ్రైవర్ తెచ్చింది. మైక్రోస్కోపుకు కుడివైపున ఉన్న, గాజు మొనను పట్టుకునే ఇనుప చేతిని ఇద్దరూ కలిసి విప్పి ఎడమవైపుకు బిగించారు. ఎలక్ట్రానిక్స్ వాళ్లు చూసి ఇదేం అపచారం అన్నారు. మేడం వినిపించుకోలేదు.

నేను కూర్చున్నాను. ఎవరో వెనక గరిటె పట్టుకుని నిలబడినట్టే ఉంది. ఎడమ చెయ్యి లేచింది. అలవాటుగా ఆగబోయింది. నేను ఆపలేదు. అది వెళ్లి మీటను పట్టుకుంది, అంతే, చిన్నప్పుడు తప్పిపోయినవాడు ఇల్లు గుర్తుపట్టినట్టు పట్టుకుంది. ఎడమ చూపుడు వేలు బల్ల మీద టక్ టక్‌మన్నది. మొన దిగింది, దిగింది, ఆనింది. ట్యూబులోంచి మెల్లగా గాలి పీల్చాను.

గీత పడుకుంది.

నేను మళ్లీ చేశాను. మళ్లీ పడుకుంది. మొదటిసారి కణాన్ని పట్టుకున్నప్పుడు అది మేడం చెయ్యి, నాకు అరువు వచ్చింది. ఈసారి పట్టుకున్నది నేను. ఆ రోజు కూడా బండి మరిచిపోయాను. తలుపు తీయగానే స్వరూప వాకిట్లోకి చూసి, "అయితే మళ్ల పట్టుకున్నవన్నట్టు" అన్నది.

ఆ వారం చివర పట్టీలు కట్టుకున్నాక ఏడు చేతుల్లోనూ తడబాటు పోయింది. మేడం మొన నేరుగా దిగి కణాన్ని పట్టింది. తర్వాత తన చేతిని వెలుతురుకు పట్టి చూసుకుంది, కానీ ఈసారి భయంగా కాదు.

ఒక్కటి మాత్రం ఆమెకు తిరిగి రాలేదు. బల్ల మీద ఆ రెండు దెబ్బలు ఇప్పుడు ఆమె వేయదు. ఎంత గుర్తు చేసుకున్నా వేలికి ఆ ఊపు రావడం లేదట. ఒకరోజు ఆమె ఆలస్యంగా వచ్చింది. మేం ఆరుగురం పనిలో ఉన్నాం. ఆరు బల్లల మీదా ఒకరి తర్వాత ఒకరం టక్ టక్‌మని కొట్టుకుంటున్నాం. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. "మా నాయిన చప్పుడు" అన్నది. ఆ రోజంతా ఆమె తన గదిలోకి వెళ్లకుండా మా మధ్యనే కుర్చీ వేసుకుని కూర్చున్నది.

ఏడాది తిరిగాక అరవై మంది వచ్చారు, కానీ ఒక్కసారిగా కాదు. ఒక్కో బ్యాచీకి ముందు మధ్యాహ్నాలు, తర్వాత పట్టీలు. వాళ్ల కోసం కట్టిన కొత్త ల్యాబుకు చేదోడు అనే పేరు పెట్టారు. మేడం ఇక పెత్తనాలన్నీ వదిలేసి వణుకు మీదే పనిచేస్తానని, ల్యాబు బాధ్యత ఓదెలుకు ఇమ్మని వీసీ సారుతో చెప్పింది. ప్రారంభోత్సవానికి ఈసారి మంత్రిగారు నిజంగానే వచ్చారు. ముందు వరసలో ఆయన, డీన్లు, పట్టుచీరలో స్వరూప. వేదిక మీద ఇత్తడి పళ్లెంలో పసుపు, కుంకుమ, పూలు, వాటి మధ్యలో ల్యాబు తాళంచెవి.

మేడం నా ఎదురుగా వచ్చి నిలబడింది. తాళంచెవి కోసం ఆమె కుడి చెయ్యి పళ్లెం మీదికి లేచింది. గాలిలో ఆగింది. వెనక్కి పోయింది. పాత జబ్బు తిరగబెట్టిందేమో అనుకున్నాను. ఆమె ముఖంలోకి చూస్తే పెదవుల చివర నవ్వు దాచుకుంటోంది. ఈసారి ఆపింది ఆమే. అప్పుడు ఎడమ చెయ్యి వచ్చి తాళంచెవి తీసి నా వైపు చాపింది.

ముందు వరసలో గుసగుసలు మొదలయ్యాయి. ఎడమ చేత్తో ఇస్తోందేమిటని ఎవరో పైకే అన్నారు. వీసీ సారు గొంతు సవరించుకున్నాడు.

నా ఎడమ చెయ్యి లేచింది. ఎక్కడా ఆగకుండా వెళ్లి తాళంచెవి అందుకుంది.